తొలికుండ అడుగున ఏముంది

“చుక్క ఎవరు వేశారు అవ్వగారూ?” అని మేఘన్న అడిగాడు.

మా కొండమీది చావడినీ, అందులోని తొలికుండనూ చూసుకునే కోనవ్వ దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు. ఆమె ఎవరికీ నోటితో జవాబు చెప్పిందని నేను వినలేదు. ఏం అడిగినా చేతికి ఒక పని అంటగట్టడం ఆమె అలవాటు. చచ్చాక ఏమవుతామని అడిగినామె చేత గొర్రెల దొడ్డి చిమ్మించింది. దేవుళ్ళు మనల్ని చూస్తున్నారా అన్నవాడి చేత చావడి పైకప్పు గడ్డి మార్పించింది. కొందరికి ఆ పనిలో ఏదో తెలిసేది. కొందరికి నడుం పట్టేసేది. మేఘన్న అడిగింది పండగ ముందురోజు సాయంత్రం. కోనవ్వ చేతులు తుడుచుకుంటూ, రేపు తొలికుండలో పాలు పోసే పని నీది, కుండ నీదే అనుకో, అందట.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని కొండమీద చాలామంది ఇప్పటికీ అంటారు.

మా తేటకొండ మనుషులకు చుక్క అంటే చాలు, అర్థమవుతుంది. మిగతావాళ్ళకు లోకం పుట్టిన కథ చెప్పాలి. మొదట వెల్లి ఉంది. ఆమె పాలలాంటిది. తెల్లగా, చల్లగా, అంచు లేకుండా పడి ఉండేది. ఆమెలో కాలు మోపడానికి చోటు లేదు, ఏ వస్తువూ ఒక రూపంలో నిలబడేది కాదు. వెచ్చమ్మ వచ్చి ఆమెను ఒళ్ళోకి తీసుకుంది. మరీ వేడి కాదు, చిటికెన వేలు ముంచితే ఓర్చుకునేంత. అప్పుడు చుక్క పడింది. పాట పాడేవాళ్ళు ఇక్కడ ఆగుతారు. ఒక ఊపిరి తీసుకునేంతసేపు ఎవరూ మాట్లాడరు. ఎవరు వేశారో, ఎక్కడిదో పాటలో లేదు. ఆ చుక్కకు పేరు కూడా లేదు.

తర్వాత తొంగయ్య కథ వస్తుంది. పిల్లలకు అదే ఇష్టం. తొంగయ్యకు ఆత్రం ఎక్కువ. లోకం తోడుకుందో లేదో చూద్దామని వేలు పెట్టాడు. లోకం విరిగిపోయింది. మళ్ళీ వెచ్చబెట్టారు, మళ్ళీ చుక్క పడింది, ఈసారి వేలు పెట్టకుండా కుండ పట్టుకుని ఊపి చూశాడు. మళ్ళీ విరిగింది. విరిగిన లోకాలన్నిటినీ పైకి పారబోశారు. మనకు కనిపించే మబ్బులు అవే. చివరికి వెచ్చమ్మ విసుగెత్తి అతణ్ణి కుండకు వీపు పెట్టి కూర్చోమంది. అతను కూర్చున్నాక గాని లోకం తోడుకోలేదు. మీగడ కట్టినచోట కొండలయ్యాయి, తేట ఊరినచోట సముద్రమయింది. పని అయిపోయిందని, ఇక లేవవచ్చని తొంగయ్యకు చెప్పడం అందరూ మరిచిపోయారు. ఆయన ఇంకా అలాగే ఉన్నాడు. తన మూలంగా ఆలస్యమైన ఈ లోకాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. మా చావడిలో ఆయన విగ్రహానికి మొహం చెక్కలేదు. మేము మొక్కేది వీపుకే. చిన్నపిల్లలు మొహం చూద్దామని ముందువైపుకు వెళతారు. అక్కడ గోడ ఉంటుంది.

ఆ మొదటి చుక్క తాలూకు పెరుగే తెగకుండా తొలికుండలో వస్తోందని మా నమ్మకం. రోజూ కాస్త పెరుగు అడుగున మిగిల్చి, దాని మీద కొత్త పాలు పోస్తారు. ఆ కుండను కడగరు. అంచు మాత్రం తుడుస్తారు. లోపల పెరుగు అట్టలు కట్టి గోడల్లా ఉంటుంది. దాని అడుగు చూసినవాళ్ళు ఎవరూ లేరు. కొండమీద బిడ్డ పుడితే చావడికి ఎత్తుకొచ్చి, ఆ పెరుగు ఒక చుక్క నాలుక మీద వేయించి, అప్పుడు పేరు పెడతారు. ఎత్తుకు రాలేనివాళ్ళు శుభ్రమైన గుడ్డ మూల కుండలో ముంచి, ఇంటికి తీసుకెళ్ళి బిడ్డ నోట్లో పిండుతారు. దాన్ని చుక్కగుడ్డ అంటాం. చుక్క పడకముందే పోయిన బిడ్డకు పేరుండదు. పాతిపెట్టినచోట రాయి ఉండదు. వెల్లిలోకి తిరిగి వెళ్ళిపోయిందంటారు. ఏడవొద్దంటారు.

పోయినేడు మా అమ్మాయి చంద్రికి మగబిడ్డ పుట్టినప్పుడు చుక్కగుడ్డ కోసం నేనే చావడికి వెళ్ళాను. మంచు దట్టంగా పడుతోంది. దిగి ఇంటికి వచ్చేసరికి గుడ్డతో పని లేకపోయింది.

ఈ ఏడు ఆడపిల్ల. చంద్రికి కాన్పు నాటి నుంచి జ్వరం దిగలేదు. పిల్ల పాలు పట్టడం లేదు. ఏడుపు కూడా పిల్లి పిల్ల అరిచినట్టు సన్నగా ఉంది. అల్లుణ్ణి చంద్రి దగ్గర కూర్చోబెట్టి, ఈసారి గుడ్డను నమ్మదలచుకోక, పిల్లనే గుండెకు కట్టుకుని తెల్లవారుతుండగా మెట్లెక్కాను.

ఆ రోజు కొత్తచుక్క పండగ. ఏడాదికి ఒకసారి వస్తుంది. ముందురోజే కొండమీద ప్రతి ఇంట్లో ఉన్న పెరుగంతా తినేసి, మిగిలింది దూడలకు పోసి, కుండలు బూడిదతో తోమి ఎండకు బోర్లిస్తారు. పండగనాడు తలా ఒక చెంబు పాలు పట్టుకుని చావడికి వస్తారు. తొలికుండ నుంచి తలా ఒక చుక్క అందులో వేయించుకుని పోతారు. అంటే ఆ ఒక్క ఉదయం కొండ మొత్తంలో పెరుగు ఉండేది తొలికుండలోనే.

నేను గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మేఘన్న నేలమీద కూలబడి ఉన్నాడు. అతని ముందు తొలికుండ పక్కకు పడుకోబెట్టి ఉంది. లోపల ఎర్రగా, కొత్త కుండలా ఉంది. పక్కన కొబ్బరి పీచు, బూడిద. కాస్త దూరంలో చావడి మేక నిలబడి ఏదో నములుతోంది. దాని నోటి నుంచి ఆకు తొడిమ ఒకటి బయటికి వేలాడుతోంది.

మేఘన్న మా కొండవాడు కాదు. దిగువ పట్నంలో నక్షత్రాల లెక్కలు నేర్పే బడిలో చదివాడు. ముప్ఫై దాటినవాడు. మంచివాడు. కుండ నీదే అనుకో అన్న మాట రాత్రంతా అతని బుర్రలో తిరిగిందట. చుక్కకు మొదలు అంటూ ఉంటే కుండ అడుగునే ఉండాలి, ఇంత కాలంలో ఎవరూ చూడలేదంటే చూడాల్సింది ఏదో ఉంది, అనుకున్నాడు. తెలివితక్కువగా ఏమీ చేయలేదు. అడుగున మిగిలిన పెరుగును జాగ్రత్తగా మోదుగాకు దొన్నెలోకి తీసి అరుగు మీద పెట్టాడు. తర్వాత కుండను తోమాడు. పట్నంలో వాళ్ళమ్మ నేర్పినట్టు మూడు నీళ్ళు పోసి, నిగనిగలాడేలా తోమాడు. తోమి వెనక్కి తిరిగేసరికి మేక దొన్నెతో సహా తినేసింది.

కోనవ్వ లోపలి నుంచి వచ్చి కుండను చూసింది, పీచును చూసింది, మేకను చూసింది. ఆమెకు కోపం వస్తుందని నేను, మేఘన్న ఇద్దరం ఎదురుచూశాం. ఆమె మోకాళ్ళ మీద వంగి కుండలోకి తొంగి చూసింది.

“ఏముందిరా అడుగున?”

మేఘన్న కుండ నోటిని వెలుతురు వైపు తిప్పాడు. కుమ్మరి బొటనవేలి గుర్తు ఒకటి ఉంది, అంతే, అన్నాడు.

“పెద్దదా, చిన్నదా?”

“చిన్నదే అవ్వగారూ.”

“అయితే చేసింది ఆడమనిషి,” అంది కోనవ్వ. అది తెలిసినందుకు ఆమెకు నిజంగా సంతోషమైనట్టు కనిపించింది. నేను పిల్లను ఇంకాస్త దగ్గరికి అదుముకున్నాను.

ఎండ మెట్ల మీదికి వచ్చేసరికి జనం రాసాగారు. పాల చెంబులు పట్టుకుని, కొత్త బట్టలు కట్టుకుని వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మం దగ్గర ఆగిపోయారు. విషయం చెవిన పడినవాళ్ళు కిందికి వెళ్ళలేదు, లోపలికి రాలేదు. ఎవరి ఇంట్లోనైనా మరిచిపోయి ఒక గరిటెడు పెరుగు మిగిలిందేమోనని ఒకరినొకరు అడిగారు. కింది వరస ఇళ్ళలో ఉండే ముసలామె ఒకామె ప్రతి ఏడూ దొంగతనంగా కాస్త దాచుకుంటుందని అందరికీ అనుమానం. ఆమెను నిలదీశారు. ఈ ఏడే దాచలేదని ఆమె ఏడ్చింది. ఎండుమిరపకాయ తొడిమలు వేసినా పాలు తోడుకుంటాయని, తన అత్తగారి ఊళ్ళో అలాగే చేస్తారని జంపన్న అన్నాడు. జంపన్న మా కొండమీద గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు, ఊరుకుండలేని మనిషి. అతని భార్య, లోకం మిరపకాయ తొడిమతో పుట్టిందని రేపు నీ పిల్లలకు నువ్వే చెప్పుకో, అని అందరి ముందూ గడ్డి పెట్టింది. కోనవ్వ మాత్రం అతని మాట కొట్టిపారేయలేదు. పెరుగవుతుంది, అంది. అని ఊరుకుంది.

“ఈ ఏడు చుక్క పుచ్చుకున్నది మేక ఒక్కటే,” అన్నాడు జంపన్న. “ముందు దానికి పేరు పెట్టండి.”

కొందరు నవ్వారు. నవ్వు సగంలో నన్ను చూశారు. నా ఒళ్ళో పిల్ల ఉన్న సంగతి అప్పుడు గమనించారు. నవ్వు ఆగిపోయింది.

దిగువ ఊళ్ళకు మనిషిని పంపుదామంటే పోయిరావడానికి ఎల్లుండి అవుతుంది. పైగా అది మా చుక్క కాదు. అంతవరకు పిల్ల ఉంటుందని నేను అనుకోలేదు. ఎవరూ అనుకోలేదు.

కోనవ్వ నా పక్కన వచ్చి కూర్చుంది. పిల్లను ఇమ్మని చేతులు చాచింది. ఒళ్ళో వేసుకుని పాదాలు పట్టుకు చూసింది, పెదవి మీద వేలు రాసింది. తర్వాత తల సరిచేయబోయి ఆగింది. తల కింద పెట్టిన మడత గుడ్డను వేళ్ళతో నొక్కింది. ఒక మూల గట్టిగా, అట్టలా తగిలింది.

“గంజి పెట్టావా అమ్మీ ఈ గుడ్డకు?”

లేదన్నాను.

ఆమె గుడ్డను మెల్లగా లాగి ఆ మూలను ముక్కు దగ్గర పెట్టుకుంది. నా వైపు చూసింది. నేను చెప్పాల్సి వచ్చింది. పోయినేడు తెచ్చిన చుక్కగుడ్డ అది. ఆ రోజు ఇంటికి వెళ్ళాక దండెం మీద వేశాను. ఆరింది. ఉతకబుద్ధి కాలేదు. మడిచి పెట్టెలో పెట్టాను. చంద్రికి చూపించలేదు. ఈ పిల్లను ఎత్తుకొచ్చేటప్పుడు తల కింద మెత్తగా ఉంటుందని తీశాను. మెత్తగా ఉంటుందని కాదు. ఎందుకు తీశానో నాకు తెలియదు.

మేఘన్న లేచి నిలబడ్డాడు. ఏడాది కిందట ఎండిపోయిన గుడ్డలో ఇంకా ప్రాణం ఉంటుందా అని గొణిగాడు. తనను తాను ప్రశ్నించుకున్నట్టే అడిగాడు. ఉండకపోవచ్చు, అంది కోనవ్వ. వెనక నుంచి ఎవరో ఆడమనిషి గొంతు, చుక్క పడకుండా పోయిన బిడ్డ కోసం తీసింది, దాన్ని తొలికుండలో వేసి కొండంతా తినడమా, అంది. ఆమెది చెడ్డ గొంతు కాదు. భయపడిన గొంతు. ఆమెకూ చిన్న పిల్లలున్నారు.

కోనవ్వ వెనక్కి తిరగలేదు. వద్దనుకున్నవాళ్ళు మేక వెంట తిరగండి, ఎప్పుడో ఒకప్పుడు దానికి దయ కలుగుతుంది, అంది.

గుడ్డ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. నా చేతిలో పెట్టింది.

“ఇస్తావా?”

ఆ మూలలో వాడి చుక్క ఉంది. వాడి కోసం ఈ లోకంలో ఎవరైనా తీసిపెట్టింది అదొక్కటే. వాడికి రాయి లేదు, పేరు లేదు, పడుకున్నచోట గడ్డి మొలిచి ఏ మూలో కూడా సరిగ్గా ఆనవాలు దొరకడం లేదు. దాన్ని తడిపితే ఇక అందులో ఏమీ మిగలదు. తోడుకోకపోతే అటు అదీ పోతుంది, ఇటు ఇదీ పోతుంది. పిల్ల కళ్ళు మూసుకుని ఉంది. నోరు మాత్రం కొద్దిగా కదులుతోంది, ఏదో వెతుక్కుంటున్నట్టు.

ఇచ్చాను.

కోనవ్వ అందరి చెంబుల్లోంచీ తలా కాసిని పాలు తొలికుండలోకి వంపించింది. వెనక నుంచి మాట్లాడిన ఆమె కూడా వంపింది. కుండను నిప్పుల పక్కన పెట్టించి, చిటికెన వేలు ముంచి చూసి, ఇక చాలు అని పక్కకు తీయించింది. గుడ్డ మూలను అందులో దించి, మిగతాది కుండ అంచుకు చుట్టి, గొంగడి కప్పింది. దించేటప్పుడు పాట పాడే అలవాటున్నవాళ్ళు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు. ఒక ఊపిరి తీసుకునేంతసేపు అందరం అలాగే ఉన్నాం. పండగనాడు ఆ చోట ఆగడం చిన్నప్పటి నుంచీ చేస్తున్నదే. ఆ రోజు మాత్రం ఊపిరి మళ్ళీ వదలాలని గుర్తు రావడానికి సమయం పట్టింది.

తర్వాత చేయడానికి ఏమీ లేదు.

మేఘన్న గొంగడి అంచు పట్టుకుని నిలబడ్డాడు. అతని చెయ్యి దాన్ని ఎత్తాలని చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. కోనవ్వ కర్రతో నేలమీద తట్టింది. ఎక్కడ కూర్చోవాలో అతనికి తెలుసు. వెళ్ళి కుండకు వీపు పెట్టి, తొంగయ్య విగ్రహం పక్కన, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కాసేపటికి జంపన్న కూడా వెళ్ళి కూర్చున్నాడు. నాకూ చూడాలనే ఉంది, ఇటు ఉంటే ఆగలేను, అన్నాడు. అతని భార్య, ఆ తర్వాత దాచుకునే ముసలామె, ఒకరి తర్వాత ఒకరు, చివరికి కొండ మొత్తం తొలికుండకు వీపు పెట్టి కూర్చుంది. కుండ వైపు మొహం పెట్టి ఉన్నది మేక ఒక్కటే. దాన్ని ఎవరో లాక్కెళ్ళి కట్టేశారు.

నేను పిల్లను పొత్తికడుపుకు ఆనించుకుని, దాని వీపు మీద చెయ్యి ఉంచి కూర్చున్నాను. చెయ్యి కింద ఊపిరి తెలుస్తోంది. కొన్నిసార్లు చాలాసేపు తెలిసేది కాదు. అప్పుడు చెయ్యి ఇంకాస్త నొక్కేదాన్ని. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది, మళ్ళీ వెనక్కి పోయింది. పండగ బట్టలు కట్టుకున్న పిల్లలకు ఆకలేసింది. పెరుగు లేదు గనుక వట్టి రొట్టెలు పంచారు. జంపన్న ఆ కుండ చేసిన ఆడమనిషి ఎవరై ఉంటుందని మొదలుపెట్టాడు. పాత కుండ పగిలితే చేయించి ఉంటారు, పగిలినప్పుడు పెరుగేం చేసి ఉంటారు, చెంబులో పట్టి ఉంటారా, అని గోడతో మాట్లాడుతున్నట్టు అడుగుతూనే ఉన్నాడు. అందరూ తలా ఒకటి అన్నారు. మెల్లమెల్లగా భయం తగ్గి, అందరికీ ఆ ఆడమనిషి గురించి తెలుసుకోవాలనే అనిపించింది. చిన్న చేతుల మనిషి. ఎడమ చేతివాటమని మేఘన్న అన్నాడు, గుర్తు అటు వాలి ఉందట.

ఒకసారి అతను తల తిప్పకుండానే నాతో మాట్లాడాడు. “అక్కా, నేను అడుగు చూడాలనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు.” అతణ్ణి తిట్టే మాట ఉంది నా దగ్గర. క్షమించే మాట లేదు. పిల్ల తలను సరిచేసుకున్నాను.

పొద్దు వాలుతుండగా కోనవ్వ నన్ను పిలిచింది. గొంగడి ఎత్తకుండా కుండను కొద్దిగా వంచి చూడడం ఒక్కటే మా దగ్గర ఒప్పుకునే పద్ధతి. పాలైతే కదిలి చప్పుడవుతుంది. పెరుగైతే చప్పుడు కాదు. వంచేది చుక్క ఇచ్చినవాళ్ళు, అంది. పిల్లను తను తీసుకుంది.

నా చేతులు వణుకుతున్నాయి. ఈ వణుకుకు పాలైనా పెరుగైనా కదులుతుంది కదా అనిపించింది. రెండు మోచేతులూ నేలకు ఆనించాను. కుండను ఇటు వంచాను.

చప్పుడు కాలేదు.

ఇంకాస్త వంచాను. చావడిలో ఎవరూ వెనక్కి తిరగలేదు, కానీ అందరి వీపులూ వింటున్నాయి. చప్పుడు కాలేదు. కోనవ్వ గొంగడి తీసింది. పైన మీగడ పలచగా ముడతలు పడి ఉంది. గుడ్డ మూల అందులో దిగి, కనిపించకుండా పోయింది.

ఆమె చిటికెన వేలితో ఒక చుక్క తీసింది. పిల్ల నాలుక మీద వేయబోయి ఆగింది.

“ఇది ఎవరి చుక్క?”

ఈ పిల్లదేనన్నాను. ఆమె వేలు కదపలేదు. అప్పుడు అర్థమై, పోయినేడు పుట్టినవాడిదన్నాను.

“వాణ్ణి ఏమని పిలుద్దామనుకున్నారు?”

ఇంతవరకు అది నన్ను ఎవరూ అడగలేదు. చంద్రి ఒకసారి నిద్రలో అనడం విన్నాను. మంచన్న, అని చెప్పాను. చిన్నగా చెప్పాను గాని వీపు పెట్టి కూర్చున్నవాళ్ళందరికీ వినపడింది. పేరు చెప్పినప్పుడు అందరూ కలిసి ఆ పేరు ఒకసారి అనడం ఆచారం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అన్నారు. పొద్దున భయపడినామె కూడా అంది. గోడకు తగిలి ఆ పేరు నా దగ్గరికి వచ్చింది.

అప్పుడు కోనవ్వ పిల్ల నాలుక మీద చుక్క వేసింది. పులుపుకు పిల్ల మొహమంతా ముడుచుకుంది. ఆ తర్వాత ఏడ్చింది. పుట్టాక అది అంత గట్టిగా ఏడవడం అదే మొదలు. ఏడుస్తూనే నాలుకతో ఇంకా వెతికింది. కోనవ్వ వేలు మళ్ళీ ముంచి ఇచ్చింది. రెండో పేరు కూడా చెప్పాను.

జనం లేచి చెంబులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. జంపన్న వరసలో నిలబడలేదు. మీవాడు పడుకున్నది ఏ వైపు అని నన్ను అడిగాడు. రేగుపొద దాటాక ఎడమవైపు, ఎక్కడో సరిగ్గా తెలియదన్నాను. అతను మెట్ల పక్కన పడి ఉన్న రాళ్ళలో రెండు మూడు ఎత్తి చూసి, ఒకటి భుజాన వేసుకుని దిగి వెళ్ళాడు. వెళుతూ, మేకకు ఇంకా పేరు పెట్టలేదు, మరిచిపోకండి, అన్నాడు.

మేఘన్న మాత్రం ఇంకా గోడ వైపు తిరిగే ఉన్నాడు. లేవమని ఎవరూ చెప్పలేదు. కోనవ్వకు గుర్తొచ్చి, ఇక లేవరా, అంది. అతను లేచి వచ్చి కుండ దగ్గర వంగి చాలాసేపు లోపలికి చూశాడు. ఆ తెలుపులో అడుగు మళ్ళీ కనిపించకుండా పోయింది. పొద్దుటి నుంచీ గోడ వైపు కూర్చున్నా, ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు.

“అయితే అవ్వగారూ, ఆ మొదటి చుక్క కూడా ఇలాగే ఎవరో దాచుకున్న...” అని మొదలుపెట్టాడు.

కోనవ్వ కుండలోంచి గుడ్డ బయటికి తీసింది. పెరుగు కారుతున్న ఆ మూలను పిండకుండా, అలాగే అతని చేతిలో పెట్టింది.

“దండెం మీద ఆరెయ్యి,” అంది. “ఉతక్కు.”